షామీర్‌పేట చెరువులో లంగరు లేవని దసరా

షామీర్‌పేట చెరువుకు వెళ్లాలనుకుంటున్నాం, దారి ఎలా, ఏ వేళకు వెళితే బాగుంటుంది అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నాకు ఆ చెరువంటే 2003 దసరానే గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ ప్రయాణానికి కారణం మా బావగారి పడవ. ఆయనది కాకినాడ. బ్యాంకు ఉద్యోగం నుంచి ముందుగా విరమణ తీసుకుని, విశాఖపట్నంలో ఎవరో వాడి పక్కన పెట్టిన మోటారు పడవ కొని, లారీ మీద షామీర్‌పేటకు తెప్పించుకున్నారు. చెరువు ఒడ్డున తోట ఉన్న స్నేహితుడొకాయన అక్కడ ఉంచుకోనిచ్చాడు. అనుమతుల కోసం బావగారు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఇంత చేస్తే మా అక్కకు నీళ్లంటే భయం. ఆయన ఏడాది పోరాక ఒక మాట మీదికి వచ్చింది. "దసరా నాడు ఒక్కసారి ఎక్కుతాను. నచ్చిందా, ఉంచుకోండి. నచ్చలేదా, అమ్మేయండి. మళ్లీ ఈ ఇంట్లో పడవ ఊసు ఎత్తకూడదు." బావగారు సరేనన్నారు.

ఆ పడవలో ఆయనకు అన్నిటికన్నా ముద్దు విండ్‌లాస్. లంగరు గొలుసును పైకి చుట్టే కరెంటు యంత్రమది, పడవ ముక్కు దగ్గర బిగించి ఉంటుంది. ఒక మీట నొక్కితే లంగరు దిగుతుంది, ఇంకోటి నొక్కితే లేస్తుంది. చెరువుకి అంత హంగు అక్కర్లేదు గానీ నడుం నొప్పి మనిషి, చేత్తో లాగలేరు. కరెంటు పనిచేయనప్పుడు గొలుసు పట్టు వదిలించడానికి దానికొక ఇనుప హ్యాండిల్ కూడా ఉంది. మన ఇళ్లలో ఆయుధపూజకు పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతాం కదా. స్పానర్లు, సుత్తి, అక్క కుట్టుమిషను కత్తెరతో పాటు ఆ హ్యాండిల్ కూడా ముందురోజే సుచిత్ర చౌరస్తా దగ్గరి వాళ్లింట్లో పూజగదికి చేరింది. ఉద్వాసన చెప్పేదాకా వాటిని కదపకూడదు.

పొద్దున ఎనిమిదింటికి ముగ్గురం కారులో బయల్దేరాం. మేడ్చల్ రోడ్డు మీద కొంపల్లి దాటి, గుండ్లపోచంపల్లి వైపు తిరిగి, దేవరయాంజాల్ మీదుగా తూంకుంట చేరి కరీంనగర్ రోడ్డెక్కాం. బొల్లారం మీదుగా వెళ్లే దారి కూడా ఉంది కానీ పండగ పూట ఈ దారే ఖాళీ. ముప్పావు గంటలో ఒడ్డున ఉన్నాం. అక్క పడవను బిందెడు నీళ్లతో కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టడానికి గట్టి చోటు కోసం చూసి బావగారు విండ్‌లాస్ నెత్తిన కొట్టారు. నీళ్లన్నీ దాని మీదే పడ్డాయి. శుభమన్నారు.

వానలు బాగా పడిన సంవత్సరం, చెరువు నిండుగా ఉంది. అక్క రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. నడిమధ్యకు వెళ్లాక బావగారు ఇంజను ఆపి లంగరు దించారు. పులిహోర తిన్నాం, కబుర్లు చెప్పుకున్నాం. తిరిగి వెళదామని పైకి లేపే మీట నొక్కితే టక్కుమని ఒక చప్పుడు, కాస్త కాలిన వాసన, అంతే. మళ్లీ నొక్కారు, ఇంకోసారి నొక్కారు. గొలుసు యంత్రం పళ్ల మధ్య బిగుసుకుపోయింది, ఇద్దరం కలిసి లాగినా కదల్లేదు. "హ్యాండిల్ ఏదీ?" అన్నాను. బావగారు అక్క వైపు చూశారు, అక్క ఆకాశం వైపు చూసింది.

కేకలు వేస్తే యాదగిరి అనే చేపలు పట్టే ఆయన థర్మకోల్ తెప్ప మీద వచ్చాడు.

"ఏంది సారూ, పండుగ పూట నడి చెర్వుల కూసున్రు?"

సంగతి చెప్పాం. గొలుసు పట్టి చూసి పెదవి విరిచాడు. "తాడైతే కోస్తుంటి. గిది గొలుసాయె. అమ్మా, నువ్వు తెప్పెక్కు, జల్దీ ఒడ్డుకు కొంటవోత."

"ఆ అట్టముక్క మీద నేనా? దానికన్నా ఈ పడవే నయం నాయనా," అంది అక్క. ఆమెను వదిలి బావగారు రారు. చివరికి తెప్ప మీద నేనొక్కణ్ణే ఒడ్డుకు చేరాను.

అక్కడినుంచి సుచిత్రకు వెళ్లి రావడానికి రెండున్నర గంటలు పట్టింది. దేవరయాంజాల్ గుడి దగ్గర పొద్దున లేని జనం, గుండ్లపోచంపల్లి దగ్గర రోడ్డు నిండా మేకలు. అమ్మవారికి దణ్ణం పెట్టి, తప్పు కాయమని చెప్పి, కుంకుమ బొట్టుతో సహా హ్యాండిల్ తీసుకున్నాను. నేను తిరిగి వెళ్లేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. పట్టు వదిలించి, యాదగిరీ నేనూ గొలుసు లాగి ఒడ్డుకు చేరాం. దిగీ దిగగానే బావగారు తలవంచుకుని, "బాగా భయపడ్డావా?" అని అడిగారు. అక్క ఏదో అనబోయింది. ఆయన ఆగలేదు. "ఇంకెప్పుడూ నిన్నిలా ఇబ్బంది పెట్టను. అమ్మేస్తాను," అన్నారు.

అమ్మే ముందు బాగుచేయించాలని విండ్‌లాస్‌ను ఊడదీసి గుండ్లపోచంపల్లిలో మోటార్లు చుట్టే షాపుకు తీసుకెళ్లాం. స్విచ్చు పెట్టె విప్పి అతను నవ్వాడు. "లోపట్కి కొబ్బరినీళ్లు, కుంకుమ బొయినయ్ సారూ. పూజ మస్తు జేసిన్రు." చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. నెల తిరక్కుండా పడవ మళ్లీ లారీ ఎక్కింది. బావగారు తోట దారి మలుపు దాకా దాని వెనకే నడిచారు.

అలాంటి పడవ ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే. విండ్‌లాస్‌కు బొట్టు పెట్టి ఊరుకోండి, కొబ్బరికాయ ఒడ్డున రాయి మీద కొట్టండి, హ్యాండిల్‌ను మాత్రం ఏ పండగకీ పడవ దాటనివ్వకండి.

తర్వాతి ఏడాది ముగ్గురం బస్సులో కరీంనగర్ పెళ్లికి వెళుతున్నాం. షామీర్‌పేట రాగానే బావగారు ముందు సీట్లో కళ్లు మూసుకున్నారు. నా పక్కనున్న అక్క మాత్రం చెరువు కనిపించినంతసేపూ మెడ తిప్పి చూసింది. "ఆ రోజు చాలా బాగుందిరా," అంది మెల్లగా. "పేపరూ ఫోనూ లేకుండా ఆయన నా ఎదురుగా అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. చిన్నప్పటి సంగతులన్నీ చెప్పారు. నువ్వు ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండుననుకున్నాను."

"మరి అప్పుడే చెప్పలేకపోయావా?" అన్నాను.

"భయపడ్డావా అని అడిగారు. బాగుందా అని అడగలేదు. నేను నోరు విప్పేలోపే అమ్మేస్తానన్నారు."

"ఇప్పుడైనా చెప్పు."

అక్క ముందు సీటు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దురా. నా కోసం అమ్మాననే తృప్తి ఒక్కటే ఆయనకు మిగిలింది. అది కూడా తీసేయమంటావా?"