బొడ్రాయికి చేరని నీళ్లు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు కూడా వాన రాలేదు. ఊరి తరఫున ముగ్గురు స్నేహితులు వరద పాయసానికి కొండెక్కారు. కొండకొమ్ము మీది బండపై పాయసం పోసి, చేతులు వెనక్కి కట్టుకుని, నాలుకతో నాకి మేఘాన్ని పిలిచారు. పైన మేఘం లేదు. గాలి ఒక్కటే ఉంది, అదీ అలసిపోయినట్టు వీస్తోంది.

ఇక దిగడమే మిగిలింది. పాయసం వండగా మిగిలిన నీళ్లను చిన్న కుండలో తెచ్చి, ఊరి నడుమ నాటిన బొడ్రాయి మీద పోయాలి. దారిలో ఎవరైనా తాగితే వాన కొండ మీదే ఆగిపోతుందని నమ్మకం. కుండ బసవన్న భుజం మీద ఉంది. ఆయన కూలికి బావులు తవ్వే మనిషి. ఎవరి బావిలో నీళ్లు పడినా తొలి దోసిలి తన నెత్తిన చల్లుకుని నవ్వేవాడు. ఆ నవ్వు విని రెండేళ్లయింది.

"ఎక్కేటప్పుడు దేవుడు లాగినాడప్పా. దిగేటప్పుడు యాడికి పాయనో!" బొజ్జన్న మోకాళ్లు పట్టుకుని మూలిగాడు.

"పాయసం తిన్యావు గదా, నడువు" అన్నాడు బసవన్న.

"తినింది యాడ? ఆ బండే నా నాలుక తినింది."

వెనక వస్తున్న ఉరుకుందప్ప నవ్వలేదు. రాళ్లు పగలంతా తాగిన ఎండను మెల్లగా వదులుతున్నాయి. నాలుగడుగులు వేసి, తెగిన పగ్గంలా కూలిపోయాడు. కళ్లు తేలిపోయాయి. పెదవులు బూడిద రంగుకు తిరిగాయి.

"నేను కిందికి పోయి నీళ్లు తెస్తా" అన్నాడు బొజ్జన్న.

"నువ్వొచ్చేసరికి వీడుండడు."

బసవన్న కుండ దించాడు. లోపల గుప్పెడు ఆకాశం కదులుతోంది. కాసేపు దాన్నే చూసి, స్నేహితుడి తల ఒళ్లో పెట్టుకుని, చివరి చుక్క దాకా తాగించాడు.

తేరుకున్న ఉరుకుందప్ప ఖాళీ కుండను చూశాడు. "ఎంత పని చేస్తివన్నా! ఊర్లో నేనే తాగినానని చెప్తా."

"చెప్పొద్దు. నీ బిడ్డలు గంజి కేంద్రం ముందర నిలబడి తాగుతాండారు. కుండ తాగినావని ఊరు నీకు పని ఇయ్యకపోతే ఆ గంజి మూసినాక వాళ్లకేం పెడతావు? నాకు ముందూ లేరు, ఎనకా లేరు. నోరు మూసుకోని దిగు."

సాయంత్రానికి బొడ్రాయి దగ్గర ఆడవాళ్లు పసుపు పూసి ఎదురుచూస్తున్నారు. అందరిలో పెద్దది భీమక్క.

"పొయ్యి నాయనా" అంది.

బసవన్న కుండ బోర్లించాడు. ఏమీ రాలలేదు. "దప్పికయి నేను తాగేసినానమ్మా."

భీమక్క తిట్టలేదు. "ఊరి దప్పిక కంటే నీది పెద్దదా, బసన్నా?" అంది.

బసవన్న ఖాళీ కుండ పక్కనే మట్టిలో కూర్చున్నాడు. ఉరుకుందప్ప తల వంచుకున్నాడు.

ఆ ఏడు వాన ఆలస్యంగా, ఒక దుక్కికి చాలేంత పడింది. బసవన్నకు మాత్రం 'కుండ తాగినోడు' అనే పేరు పడింది. మరుసటేడు కుండ బొజ్జన్న భుజానికెక్కింది. బసవన్న ఒట్టి చేతులతో వెనక నడిచాడు. దిగేటప్పుడు తాను కూలిన చోట ఉరుకుందప్ప ఆగి, బసవన్నను రాతి మీద కూర్చోబెట్టి, ఆయన పాదాలు ఒత్తసాగాడు.

"చాల్లేప్పా, లెయ్యి" అన్నాడు బసవన్న. "ఊరు ఇంగా శానా దూరముండాది."