మా అత్తని చంపిన మాస్టారు

మొన్న ఆఫీసు నుంచి తిరిగొస్తుంటే, శ్రీకాకుళం బస్సులో ముందు సీటాయన జేబురుమాలు మీద నీలగిరి తైలం వేసుకుని గట్టిగా పీల్చాడు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నా వీపు దానంతటదే నిటారైంది. గురుమూర్తి మాస్టారు పోయి ఏడాది దాటినా ఆ వాసనకి నేనింకా భయపడుతున్నానన్నమాట. ఆయనకి పన్నెండు నెలలూ జలుబే. విజయనగరంలో నెలకో ఆదివారం ఆయన నడిపే కథల కూటమికి వెళ్తే, మెట్ల దగ్గరే ఆ వాసన ఎదురొచ్చేది. ఇప్పుడు కూటమివాళ్ళు ఆయన పేర సంచిక వేస్తున్నారు, నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. మంచి మాటలు నాలుగు కాదు, పది ఉన్నాయి. అవి మాత్రమే రాసి ఊరుకుందామంటే మనసొప్పడం లేదు.

మాస్టారిది తరతరాలుగా గుడినీ, సంగీతాన్నీ, చదువునీ నమ్ముకున్న ఇల్లు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళింట్లో పిల్లి కూడా వ్యాకరణం తప్పకుండా అరుస్తుందని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. నేను నెల్లిమర్ల అవతల చోళ్ళూ నువ్వులూ పండించుకునే ఇంటి పిల్లని. కూటమిలో నేను చదివిన మొదటి కథలో రైతులందరూ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడారు. మాస్టారు అంతా విని, మీ ఇంట్లో ఇలాగే మాట్లాడుకుంటారా అని అడిగారు. మా మాట రాస్తే నవ్వుతారేమోనని గొణిగాను. "నవ్వనీ. మీ ఇంట్లో బాగా మాట్లాడే మనిషెవరో చూసి ఆ మనిషి పక్కన కూర్చో. ఏమీ రాయకు, విను," అన్నారు. ఇంతకంటే పనికొచ్చే మాట నా జన్మలో ఎవరూ చెప్పలేదు. ఇందుకు ఆయనకి ఇవాళ్టికీ దండం పెడతాను.

మా ఇంట్లో బాగా మాట్లాడే మనిషంటే మా మేనత్త అప్పలనర్సమ్మే. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు పెంచింది. మావయ్య పోయాక కౌలు భూమి చెయ్యిజారిపోతే, ఏడుస్తూ కూర్చోకుండా గజపతినగరం బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టింది. నేను సెలవు రోజుల్లో వెళ్ళి బండి వెనకాల కూర్చునేదాన్ని. ఎవడైనా చట్నీ మళ్ళీ మళ్ళీ అడిగితే, "ఏటి బావా, సెట్నీతోటి తానం సేస్తావేటి?" అనేది. వాడు నవ్వి, ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకునేవాడు. అలా విని విని ఆమె మీద కథ రాశాను. జీవితమంతా ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తిన్న ఆడమనిషి, బండి పెట్టిన మొదటి రోజు, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, బజారంతా చూస్తుండగా, మొదటి వాయి ఇడ్లీలు తనే తింటుంది. అక్కడితో కథ అయిపోతుంది. ఆ ముగింపు రాసిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

కూటమిలో ఒక కట్టుబాటు ఉండేది. కథ చదివాక రచయిత పెదవి విప్పకూడదు. పది మందీ ఏమన్నా వినాల్సిందే. నా కథ చదివిన రోజు, సంభాషణలు బంగారమన్నారు అందరూ. ముగింపు మాత్రం తేలిపోయిందన్నారు మాస్టారు. మన జిల్లా కథంటే కరువు, వలస, చావు ఉంటాయని బయటి జిల్లాలవాళ్ళు ఎదురుచూస్తారట. ఇడ్లీలు తినే విధవ కోసం ఎవరూ ఎదురుచూడరట. అందరూ తలలూపారు. నాకు చాలా చెప్పాలని ఉంది. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి కూర్చున్నాను. మా కథల్ని పత్రికలకి పంపే పని కూడా మాస్టారిదే. సాపు ప్రతి ఆయనకిస్తే, తన మాటగా రెండు ముక్కలు రాసి జతచేసి పోస్టు చేసేవారు. ఆయన చేతిరాత చూస్తే సంపాదకులు కాదనేవారు కాదు. నేను ఒక్క అక్షరం మార్చకుండా నా కథ ఆయన చేతిలో పెట్టాను.

పత్రికలో అచ్చయ్యాక చూస్తే మా అత్త బావిలో దూకి చచ్చిపోయింది. బండి లేదు, బకెట్టు లేదు. కౌలు భూమి పోయిన రాత్రే దూకేసింది. ఇంట్లో వడ్డిస్తూ అన్నట్టు నేను పెట్టిన చట్నీ మాటతో సహా ఆమె ఛలోక్తులన్నీ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లే ఫోన్లు, ఏడిపించేశావని. నేను మాస్టారింటికి పరిగెత్తాను. ఆయన ఎంతో సంబరంగా కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. మా అత్త బతికే ఉంది కదండీ అన్నాను. "బతికున్నవాళ్ళ కోసం ఎవరమ్మా కన్నీళ్ళు పెట్టుకుంటారు?" అన్నారు. అంతే. తప్పు చేశానన్న నీడ కూడా ఆ మొహంలో లేదు. మనిషి మాట ఉన్నదున్నట్టు రాయమన్న ఆయనే, ఆ మనిషి బతుకుని మాత్రం ఉన్నదున్నట్టు ఉండనివ్వలేదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఆయన చితి మీద కూడా కాలలేదు.

నేను గజపతినగరం వెళ్ళేసరికే, ఎవరో లెక్చరరు ఆ పత్రిక తెచ్చి బండి దగ్గర పైకి చదివి వినిపించాడట. కథలో అత్త పేరు మారిస్తే మాత్రం ఏం లాభం, చట్నీ మాట వినగానే బస్టాండంతా పోల్చుకుంది. చచ్చిపోయిందని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా అని నేను నవ్వించబోయాను. అత్త నవ్వలేదు.

"సంపేస్తే సంపేసినావులే," అంది. "నా బండి ఏటైపోనాదే? ఎవుల దగ్గరా సెయ్యి సాపకండా నిలబెట్టుకున్నాను గదా. బావిలోకి ఎందుకు తోసేసినావు?"

నేను కాదు, మా మాస్టారు మార్చారని చెప్పాను. కింద నీ పేరే ఉన్నాది గదా అంది.

తర్వాత నా కథలు పుస్తకంగా వేసినప్పుడు నా ముగింపు నేను పెట్టుకున్నాను. మాస్టారు ఆవిష్కరణకి రాలేదు. మనిషిని బతికించుకుని కథని చంపుకుందని అందరితో అన్నారట. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, మాట్లాడకుండానే పోయారు. చెప్పడానికి కష్టంగా ఉంది గాని, పాఠకులు కూడా ఆయన పక్షమే. సంకలనాల్లో బావి కథే వేస్తున్నారు. ఎక్కడికి వెళ్ళినా ఆ బావి గురించే అడుగుతారు, కళ్ళొత్తుకుంటారు. నేను రాయని నాలుగు వాక్యాల వల్లే నన్ను రచయిత్రి అంటున్నారు. ఇప్పుడు ఏ కథా ఎవరి చేతికీ ఇవ్వను, నేనే వెళ్ళి పోస్టు చేసుకుంటాను.

పుస్తకం రాగానే పట్టుకెళ్ళి అత్తకి అసలు ముగింపు చదివి వినిపించాను. బండి తుడుస్తూనే ఆసాంతం వింది. "బాగా రాసినారండి," అంది. "కూకోండి. టిఫిను తింతారా?"

నన్ను 'ఒసే' అని తప్ప పిలిచి ఎరగని మనిషి. నోరు జారితే రాసేస్తానని నా ముందు ఆచితూచి మాట్లాడుతోందనుకున్నాను, కొన్నాళ్ళకి సర్దుకుంటుందనుకున్నాను. ఇన్నేళ్ళయినా సర్దుకోలేదు. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే దిగుతాను. నన్ను చూడగానే గిరాకీలతో పరాచికాలు ఆపేస్తుంది. బల్ల తుడిచి, ప్లేటు కడిగి, మర్యాదగా పెడుతుంది. తిని డబ్బులిస్తాను. తీసుకుంటుంది.