కిటికీ మూసేది లేదు

మా ఇంట్లో గాలి మొదట పడుగుకు, తర్వాతే మనిషికి. ఎమ్మిగనూరులో మాది చేనేత ఇల్లు. ముందు గదంతా మగ్గమే. వేడిగాలి తగిలితే మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు నూలు ఎండి పోగులు పుటుక్కున తెగుతాయని, ఎండాకాలం మా ఆయన ఆ గదికున్న ఒక్క కిటికీనీ మూసేస్తాడు. పాప ఉయ్యాల, పాత కూలర్ కూడా ఆ గదిలోనే.

ఈసారి ఎండలు ముదిరేసరికి పాపకు ఎనిమిది నెలలు. మెడ మడతల్లో, వీపు మీద చెమటకాయలు ఎర్రగా పేలాయి. ఊరికే ఏడుపు. కూలర్ రొద పెడుతూ వేడిగాలే కొడుతోంది. పాప ఏడిస్తే మగ్గం ఆగుతుంది. ఒక మధ్యాహ్నం ఆయన పని ఆపి నా వైపు తిరిగాడు.

"వానలు పడేదాకా బిడ్డను తీసుకొని ఆదోనికి పో. మీ అమ్మోళ్లింట్లో ఉండు."

మా అమ్మవాళ్లది రేకుల ఇల్లు. ఆ రేకుల కింద మధ్యాహ్నం పెద్దవాళ్లమే కూర్చోలేం. అది ఆయనకూ తెలుసు.

"మగ్గం ఈడే ఉంటాది, బిడ్డ మాత్రం పోవాల్నా?"

ఆయన మళ్లీ మగ్గం వైపు తిరిగాడు. మా అత్త పాప బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

నేను మెకానిక్‌ను పిలిపించాను. అతను కూలర్‌ను పక్కనుంచి తట్టి చూశాడు.

"పంపు పోయింది అక్కా. దీనికి పెట్టేది దండగ. కొత్తది కొనండి. లేకుంటే ఏసీ పెట్టించుకోండి, వాయిదాల్లో ఇస్తారు."

"విప్పకుండానే ఎట్ల సెప్తావన్నా?"

"సప్పుడు వింటే తెలీదా?"

వాయిదాలు ఎప్పటికైనా తీరుతాయి. ఏసీ కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది. అతన్ని పంపేసి, ప్లగ్గు పీకి, స్క్రూలు విప్పాను. ప్లగ్గు తీశానా లేదా అని మళ్లీ వెళ్లి చూసుకున్నాను.

"ఏమ్మే, కాలేజీలో నేర్పింది ఇదేనా?" అత్త గడప దగ్గర నిలబడి అంది. "షాకు కొడ్తే బిడ్డను నేను సాకాల్నా?"

"ప్లగ్గు తీసినా అత్తా. నీకా కష్టం రాదులే."

మా బోరు నీళ్లు ఉప్పు. పంపు మూతికి సున్నంలా తెల్లటి పెచ్చు కట్టింది. కూలర్ పక్కల కట్టిన గడ్డి మీదికి నీళ్లు జారే రంధ్రాలూ పూడుకుపోయాయి. గడ్డి తడవకపోతే చల్లగాలి ఎక్కడిది? చింతపండు పులుసు పోసి, పాత బ్రష్షుతో రుద్ది, రంధ్రాల్లో పిన్నీసు పెట్టి పొడిచాను. బజారు నుంచి కొత్త గడ్డి తెచ్చి కట్టాను. పోయిందన్న పంపు నీళ్లు తోడింది. మొత్తానికి అయిన ఖర్చు ఆ గడ్డిదే.

అయినా కాసేపటికే గది జిడ్డుగా ఉక్కపోసింది. పాప వీపు మళ్లీ తడి. కూలర్ విసిరేది తడిగాలి. మూసిన గదిలో ఆ తడి ఎటు పోతుంది? కిటికీ తెరిచి, కూలర్ వీపును దానికి ఆనించి, వెనక తలుపు కూడా తీశాను.

"పడుగు ఎండుతాది," అని ఆయన వచ్చి కిటికీ రెక్కలు లాగేశాడు.

నేను తెరిచాను. ఆయన మళ్లీ మూశాడు. పాపను చంకనేసుకుని కిటికీకి అడ్డంగా నిలబడ్డాను.

"మూసేది లేదు. గాలి తడి గడ్డిలోంచే కదా వచ్చేది? అంత బయమైతే మగ్గానికి తెర కట్టుకోండి."

"మగ్గానికి తెరంట!" అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పెండ్లి సేస్తావేమ్మే దానికి?"

ఆయనకు నవ్వొచ్చింది. అది కనపడకుండా అటు తిరిగి తాడు వెతికాడు. కూలర్‌కూ మగ్గానికీ మధ్య పాత దుప్పటి కట్టి, మళ్లీ నేతకు కూర్చున్నాడు.

సాయంత్రానికి ఉయ్యాలలో పాప వీపు తడిమితే పొడిగా ఉంది. ఇప్పుడు ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి తడిమి వచ్చాను. నా భయం ఎక్కడికీ పోలేదు. నేనూ పోలేదు. అత్త సర్దిన బట్టలు ఆ రోజే తీసి దండెం మీద వేశాను. ఖాళీ అయిన ఆ సంచిలోనే కూలర్ పాత గడ్డి కుక్కి, వీధి చివర పారేసి వచ్చాను.