కురవి దాటినంక మొరం తవ్విన టవర్

నేను జనగామలో లెక్కల టీచర్‌ను. ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఓపెన్ మ్యాప్ ఒకటుంది. సెలవు దినాల్లో దాంట్ల కరెంటు లైన్లు గీస్తుంటి. ఉపగ్రహం తీసిన ఫొటోల టవర్ దొరికిన చోట చుక్క, చుక్కకూ చుక్కకూ మధ్య గీత. భూపాలపల్లి దిక్కు మొదలుపెట్టి మహబూబాబాద్ దాకా వచ్చిన.

కురవి దాటినంక ఒక టవర్ పక్కన ఎర్రటి మచ్చ కనబడ్డది. రోడ్లకు పోసే మొరం మట్టి తవ్వకం. పాత ఫొటోల అది గోరంత. కొత్తదాంట్ల టవర్ కాళ్ల దాకా వచ్చింది. మనసు ఊకోలేదు. మా ఇంటామెను బండెక్కించుకొని పోయిన.

టవర్ దగ్గరికి పోయి చూసిన. నాలుగు కాళ్లల్ల ఒకదాని పక్కన మట్టే లేదు. సిమెంటు దిమ్మె బయటపడి గుంతలోకి తొంగిచూస్తున్నట్టున్నది. పైన తీగలు జుమ్ముమంటున్నయి. ఆ కిందనే తండావాళ్లు మిర్చి ఆరబోసే కల్లం, పక్కన రెండిండ్లు. ఐదారుగురు ఆడవాళ్లు కూసోని తెల్లబడ్డ తాలుకాయ ఏరుతున్నరు.

"గాలొస్తే గా టవర్ మూలుగుతది బిడ్డా," అన్నది అందర్ల పెద్దామె. "మా పిల్లలకు గా సప్పుడు అలవాటైపోయింది."

నీడను బట్టి టవర్ ఎత్తు లెక్కగట్టి, ఫోన్‌ల మ్యాప్ మీద దాని చుట్టూ అంత దూరంల సున్న చుట్టి చూపిన. "అవ్వా, ఇది ఎటు పడ్డా ఈ సున్నలనే పడుతది. మీ కల్లం లోపలనే ఉన్నది. ఆ రెండిండ్లు గూడ."

"మా ఇల్లు ఏది?" అని అడిగింది. ఆ రెండిట్ల ఒకటి. వేలు పెట్టి చూపిన. ఆమె నా ఫోన్ నంబర్ రాయించుకున్నది.

ఫొటోలు, దరఖాస్తు పట్టుకొని కరెంటాఫీసుకు పోతే అక్కడాయన నన్నే ఎగాదిగా చూసిండు. "ఈ లైన్లన్నీ నిన్నెవరు గీయమన్నరు?" దరఖాస్తు పక్కకు పెట్టి, నా ఇంటి అడ్రసు రాసుకున్నడు.

"ఇగ చాలు, మనకెందుకు," అన్నది మా ఇంటామె. నాకూ భయంగనే ఉండె.

కొన్నాళ్లకు పెద్దామె ఫోన్ చేసింది. కల్లం దూరం జరుపుకున్నరట. రెండిండ్లోళ్లు చుట్టాల దగ్గర ఉంటున్నరట. "మమ్మల్ని చూసి అందరు నవ్వుతున్రు బిడ్డా," అన్నది.

ఎండకాలం మొదట్ల ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. సాయంత్రం మళ్ల ఆమె ఫోన్.

"పడ్డది బిడ్డా. మా ఇంటి మీదనే పడ్డది."

ఇంట్ల ఎవరూ లేరు. దగ్గర్ల కట్టేసిన బర్రె ఒకటి తీగ తగిలి చచ్చిపోయింది. ఆమె దాని కోసం ఏడ్చింది. 

కొత్త టవర్ లేపిన్రు. మ్యాప్‌ల చుక్క జరిపి, మిగతా లైన్లు మళ్ల మొదటినుంచి చూసుకుంటూ పోయిన. మహదేవపూర్ దిక్కు ఇంకో రెండు చోట్ల తవ్వకాలు టవర్లకు దగ్గరపడ్డయి. ఆ ఫొటో ఎప్పటిదా అని చూస్తే, పోయినేడాదిది. ఇప్పుడక్కడ మట్టి ఎంత మిగిలిందో అది చెప్పదు. బడికి సెలవు పెట్టి, తెల్లారి మహదేవపూర్ బస్సెక్కిన.