ఒకే పేరు మీద రెండు ఎక్స్‌రేలు

2021లో పావగడ బస్టాండు దగ్గరి ఒక స్కాన్ సెంటర్‌కు నేను సాఫ్ట్‌వేర్ చూసుకునేవాణ్ణి. సెంటర్ అంటే మూడు గదులు, ఒక డిజిటల్ ఎక్స్‌రే యంత్రం, దాన్ని నడిపే సావిత్రి అనే టెక్నీషియన్. బొమ్మ చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టు బెంగళూరులో ఉండేవాడు. ఇక్కడ తీసిన బొమ్మను అక్కడికి చేర్చడం, ఆయన రాసిన రిపోర్టును ఇక్కడికి తేవడం నా ప్రోగ్రాం పని. బెంగళూరులో ఉద్యోగం మానుకుని సొంత ఊరికి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఈ జనం సంగతి నాకు తెలిసినట్టు బయటి ప్రోగ్రామర్లకు తెలియదని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకమే కొంప ముంచింది.

వైద్యానికి తీసే చిత్రాలు మన ఫోన్ ఫోటోల్లాంటివి కావు. వాటిని డైకామ్ ఫైళ్లు అంటారు. ఒకే ఫైల్‌లో బొమ్మా ఉంటుంది, పేరు, వయసు, తీసిన తేదీ లాంటి వివరాలూ ఉంటాయి. ఒక్కో వివరం ఒక ట్యాగ్. బొమ్మతో నాకెప్పుడూ పెద్ద తంటా రాలేదు, వచ్చిందంతా ట్యాగులతోనే. మనిషికొక నంబరు ఉండాలని పేషెంట్ ఐడీ అనే ట్యాగ్ పెట్టారు. మా యంత్రమేమో వచ్చిన ప్రతిసారీ కొత్త నంబరు ఇచ్చేది. ఒకే ముసలామె మూడుసార్లు వస్తే కంప్యూటర్ లెక్కలో ముగ్గురు ముసలమ్మలు. ఛాతీలో ఒక మచ్చ కనబడితే అది పాతదా కొత్తదా అన్నదే డాక్టరుకు అసలు ప్రశ్న. అందుకు పాత బొమ్మను పక్కన పెట్టుకుని చూస్తారు, దాన్ని ప్రయర్ అంటారు. ప్రయర్లు దొరకడం లేదని బెంగళూరు నుంచి నాకు ఎప్పుడూ చీవాట్లే.

రెండు బొమ్మలు ఒకే మనిషివని ప్రోగ్రాంకు ఎలా తెలుస్తుంది? పుట్టినరోజును నమ్మేందుకు లేదు. మా వైపు పెద్దవాళ్లలో చాలామంది ఆధార్ కార్డులో జనవరి ఒకటినే పుట్టారు. వయసు అడిగితే, నలభయ్యో యాభయ్యో ఏదో ఒకటి రాసుకోమంటారు. అందుకని ఒక నియమం రాశాను. పేరు ఒకటే, ఫోన్ నంబరు ఒకటే, వయసులో తేడా ఐదేళ్ల లోపు అయితే ఆ ఇద్దరూ ఒకే మనిషి, పాత బొమ్మను తెచ్చి పక్కన పెట్టు. అది పెట్టిన వారం నుంచి చీవాట్లు ఆగిపోయాయి. రేడియాలజిస్టు మెచ్చుకున్నాడు కూడా.

ఆ ఎండాకాలంలోనే బలసముద్రం నుంచి నరసింహప్ప వచ్చాడు. గొర్రెలు మేపుకునేవాడు, సోలార్ పార్క్ వచ్చాక ప్యానెళ్లు కడిగే కూలికి పోతున్నాడు. నెల రోజులుగా దగ్గు. కంపెనీ ఇచ్చిన పసుప్పచ్చ జాకెట్టుతోనే యంత్రం ముందు నిలబడితే సావిత్రి విప్పమంది. దాన్ని మడిచి చంకలో పెట్టుకోబోయాడు, అదీ వద్దంటే నవ్వాడు. ఫోన్ నంబరు అడిగితే జేబులోంచి చీటీ తీసిచ్చాడు. బొమ్మ తీయగానే తెర మీద పక్కనే 2019 నాటి బొమ్మ వచ్చి నిలబడింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. నా ప్రోగ్రాం పని చేస్తుంటే చూడడం నాకు సరదా.

"రెండు బొమ్మలుండాయే?" అన్నాడు నరసింహప్ప.

"ఒకటి ఇప్పటిది, ఇంకొకటి నీదే, రెండేళ్ల కిందటిది" అన్నాను.

ఆయన రెండింటినీ కాసేపు చూశాడు. ఇంకేమీ అనలేదు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మానిపోయిన పాత మచ్చ, రెండేళ్ల కిందటి బొమ్మతో పోలిస్తే మార్పు లేదు. అది చూసి ఇక్కడి డాక్టరు దగ్గు మందు రాసిచ్చి పంపించాడు.

ఐదు నెలల తర్వాత ఆయన భార్య రత్నమ్మ ఒక్కతే సెంటర్‌కు వచ్చింది. దగ్గులో రక్తం పడుతోందని బెంగళూరు తీసుకుపోయారు. అక్కడ సీటీ స్కాన్ చేసి ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. పాత ఎక్స్‌రేలు సీడీలో వేసి తెమ్మని డాక్టర్లు చెప్పారు. ఆమెను కూర్చోబెట్టి నేనే రెండు ఫైళ్లూ తెరిచాను. నేను డాక్టరును కాను, మచ్చలు చదవడం రాదు. కానీ ఏళ్ల తరబడి ఛాతీ బొమ్మలు చూసి ఎముకలు మాత్రం బాగా తెలుసు. 2019 బొమ్మలో ఎడమ కాలర్ ఎముక విరిగి అతుక్కున్న చోట బుడిపె ఉంది. 2021 బొమ్మలో ఆ ఎముక తిన్నగా, నున్నగా ఉంది. విరిగి అతుక్కున్న ఎముక రెండేళ్లలో జాడ కూడా లేకుండా అంత తిన్నగా అవుతుందా?

మీ ఆయనకు ఎముక ఎప్పుడు విరిగిందని రత్నమ్మను అడిగాను.

"ఈయనకు యాడ ఇరిగిందప్పా? ఇరిగింది మా బావకు, ఈయన పెద్దనాయన కొడుక్కి. చింతమాను మీద నుంచి పడినాడు. ఆయనకే టీబీ కూడా వచ్చి నయమైంది."

"మీ బావ పేరేంది?"

"ఆయనా నరసింహప్పే. తాత పేరు కదా, ఇద్దరికీ పెట్టినారు. ఆయన పెద్దోడు, ఈయన చిన్నోడు. మా ఇంట్లో ఫోను లేదు, యాడికి పోయినా బావ నంబరే ఇస్తాము."

అంటే మానిన పాత మచ్చ ఆయనది, ఈయన బొమ్మలోది కొత్తది. మా తాత రంగప్ప. ఆయన పేరు నాకూ పెట్టారు, మా చిన్నాన్న కొడుక్కూ పెట్టారు. ఇంట్లో నేను పెద్ద రంగడు, వాడు చిన్న రంగడు. పుట్టినప్పటి నుంచి ఆ పిలుపుతో బతికినవాణ్ణి, నియమం రాసేటప్పుడు అది ఒక్కసారైనా తలపుకు రాలేదు. బెంగళూరు వాడెవడో రాసి ఉంటే తెలియక రాశాడని తిట్టుకునేవాణ్ణి. నన్ను ఏమని తిట్టుకోవాలి?

రత్నమ్మ నా మొహం చూసి ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. సీడీలో చిన్నోడి బొమ్మ ఒక్కటే వేసిచ్చాను. ఆమె అటు వెళ్లగానే సెంటర్ యజమానికి చెప్పాను. ఆయన రేడియాలజిస్టుతో మాట్లాడి సవరించిన రిపోర్టు బెంగళూరుకు పంపించాడు. ఆ ఇంటివాళ్లకు చెబితే మాత్రం ఇప్పుడు ఒరిగేదేముందని అన్నాడు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు నేనూ ఊరుకున్నాను. రెండు నెలలు తిరక్కముందే చిన్న నరసింహప్ప పోయాడు.

దినాలు అయిన తర్వాత బలసముద్రం వెళ్లాను. ఊరు దాటితే కనుచూపు మేరా ప్యానెళ్లే. పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్ల ముందు రత్నమ్మ, పెద్ద నరసింహప్ప ఇద్దరూ ఉన్నారు. దండెం మీద పసుప్పచ్చ జాకెట్టు ఉతికి ఆరేసి ఉంది. జరిగిందంతా చెప్పాను. నియమం రాసింది నేనేనని కూడా చెప్పాను.

"మరి ఆ పొద్దు రెండో బొమ్మ నాది కాదని ఆయన అనలేదా?" అని అడిగింది రత్నమ్మ. నీదేనని నేను చెబితే ఊరుకున్నాడని చెప్పాను. ఆమె తల ఆడించింది. "ఇంటికొచ్చి నాతో అన్నాడు. నాకెప్పుడు తీసినారబ్బా, కంపెనీ క్యాంపులో తీసిందేమోలే అని. చదువుకున్నోళ్లు చెప్తే నిజమే అనుకున్యాము."

పెద్ద నరసింహప్ప అరుగు మీద నుంచి లేవలేదు. "నా రొమ్ము చూసి వానికి బాగుండాదని చెప్పినారు. అంతే గదప్పా?" అన్నాడు. అవునన్నాను. ఆయన ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకుని ఏడ్చాడు. అప్పటిదాకా రాని ఏడుపు నాకూ వచ్చింది.

అప్పుడే తెలిసుంటే బతికేవాడా అని రత్నమ్మ అడిగింది. చెప్పలేను, కానీ ఐదు నెలల ముందే వైద్యం మొదలయ్యేది అన్నాను.

"నువ్వు రాకుంటే నాకు ఇది తెలిసేది కాదు. మోయలేక వచ్చినావు. నీది దించి నా నెత్తిన పెట్టినావు" అంది ఆమె.

గొంతు పెంచలేదు. మంచినీళ్లు ఇచ్చింది, తాగాను. ఆమె అన్నది నిజం. వెళ్లకపోయి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనుకోను. తెలుసుకునే హక్కు ఆమెది, కానీ నేను వెళ్లింది ఆ హక్కు కోసమేనని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

రత్నమ్మ సీడీ కోసం వచ్చిన వారమే నియమం తీసేశాను. ఇప్పుడు ప్రోగ్రాం తనంతట తాను ఎవరినీ కలపదు. పేరు కొట్టగానే ఒక ప్రశ్న వస్తుంది, ఇంట్లో ఈ పేరు ఇంకెవరికైనా ఉందా అని. జవాబు రాయకపోతే ముందుకు పోదు. అదే పేరుతో పాత బొమ్మ ఏదైనా ఉంటే, కలిపే ముందు ఇది ఎప్పుడు, ఎక్కడ తీయించుకున్నావని మనిషినే అడగాలి. యంత్రం చెప్పింది సరే, మనిషిని అడిగారా అన్నదే ఆ తర్వాత నేను పని నేర్పిన ప్రతివాళ్లకూ మొదటి పాఠం. నాకు అది చాలా ఆలస్యంగా వచ్చింది, వేరేవాళ్ల ప్రాణం మీదుగా వచ్చింది.

మరుసటి ఏడాది పెద్ద నరసింహప్ప కఫం పడుతోందని సెంటర్‌కు వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు, పలకరించలేదు. సావిత్రి పేరు కొట్టి, తెర మీది ప్రశ్న అడిగింది. ఇంట్లో ఈ పేరు ఇంకెవరికైనా ఉందా అని.

"ఉండాది. చిన్నోడు ఉండాడు. ఇద్దరినీ వేరేవేరేగా రాసుకోమ్మా" అన్నాడు.

సావిత్రి ఆగి నా వైపు చూసింది. ఆయన చెప్పినట్టే రాయమన్నాను. బొమ్మ తెర మీదికి వచ్చింది. ఎడమ కాలర్ ఎముక మీద బుడిపె ఉంది. దాన్ని చూసుకున్నాకే బెంగళూరుకు పంపించాను.