తాతయ్య చంపిన దొరసాని

నా చిన్నప్పుడు నూజివీడులో ఎండాకాలం వచ్చిందంటే మామిడికాయల బళ్ళతో పాటు డేరా సినిమా కూడా వచ్చేది. అందులో అప్పుడప్పుడూ ఇంగ్లీషు బొమ్మ వేసేవారు. అది మాకెవరికీ అర్థమయ్యేది కాదు కాబట్టి, తెర పక్కన నిలబడి ఒకరు తెలుగులో కథ చెప్పేవారు. ఆ చెప్పేది మా తాతయ్య. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అర్థం కానిచోట సొంత కథ అల్లేసేవాడు. తెర మీద దొర తన మొహాన్ని దొరసాని మొహం దగ్గరికి తెస్తే, "పాపం, ఆవిడ కంట్లో నలుసు పడిందండీ, ఆయన ఊదుతున్నాడు" అనేవాడు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న ముసలమ్మలు అయ్యో అనుకునేవారు. దొరసానుల కళ్ళల్లో అన్ని నలుసులు ఎందుకు పడతాయో నాకు చాలా ఏళ్ళదాకా తెలియలేదు.

ఆ బొమ్మల్లో ఒక దొరసాని తరచు కనిపించేది. తనే వేషం వేసి, తన పాటలు తనే పాడేది. ఆవిడ పాట ఎత్తుకుంటే తాతయ్య కూడా కథ ఆపి ఊరుకునేవాడు. పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టి వినేది. వాళ్ళది కాయల వ్యాపారం. మర్నాడు కొట్లో గడ్డి పరిచి కాయలు మాగవేస్తూ అక్క అదే వరస తీసేది. మాటలు రావు కాబట్టి వాటి చోట "చిన్నరసం, పెద్దరసం" అని మామిడిరకాల పేర్లు పెట్టుకునేది. ముందు నాకు నవ్వొచ్చేది. కాసేపటికి నవ్వు ఆగిపోయి, ఇంకా వినాలనిపించేది.

ఒక ఏడు మద్రాసు నుంచి కాయలు కొనడానికి వచ్చిన షావుకారు ఆ పాట విన్నాడు. ఆయన బావమరిది అక్కడ సినిమా కంపెనీలో హార్మోనియం వాయిస్తాడట. తన భార్యని తోడిచ్చి అక్కని తీసుకెళ్తాననీ, కంపెనీవాళ్ళు ఒకసారి గొంతు విని చూస్తారనీ చెప్పాడు. అక్క నాన్నగారు కాదనలేదు. "నీ ఇష్టం ఏంటో నువ్వే చెప్పమ్మా" అన్నారు. ఆ రోజుల్లో కూతుర్ని అలా అడిగిన తండ్రిని నేను ఇంకొకరిని చూడలేదు. అక్క ట్రంకుపెట్టె అటక మీంచి దింపించి, దులిపి, ఎండలో పెట్టింది.

అక్క నాయనమ్మకి మాత్రం తిండి సయించలేదు. ఆవిడ మా ఇంటికొచ్చి, "అన్నయ్యగారూ, మీ మాటంటే దానికి గురి. ఎలాగోలా ఆపండి" అని కళ్ళొత్తుకుంది.

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టి తాతయ్య అక్కకి ఆ దొరసాని జీవితం చెప్పాడు. అమెరికాలో లేనివాళ్ళింట్లో పుట్టి, ఊరూరా నాటకాల్లో పాడి, బొమ్మల్లోకి వచ్చి మహారాణిలా వెలిగిందట. అంతవరకూ ఏదో పత్రికలో చదివినదే. ఆ తర్వాతదంతా ఆయన అల్లింది. గొంతు పోయిందట. కంపెనీవాళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదట. అయినవాళ్ళు మొహం చాటేశారట. "చివరికి అద్దెగదిలో, నోట్లో తులసితీర్థం పోసే దిక్కు కూడా లేక పోయిందమ్మా" అన్నాడు తాతయ్య. అమెరికాలో తులసితీర్థం ఏమిటని మాలో ఎవరికీ తోచలేదు. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. ట్రంకుపెట్టె మళ్ళీ అటకెక్కింది. షావుకారు కాయలు మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడు.

కొట్లో పాట కూడా ఆగిపోయింది. నేను అడిగితే, "పోయినావిడ పాటని నవ్వులాట చేశానే" అంది అక్క.

రెండేళ్ళకి, పెళ్ళయిన అక్క ఎండాకాలం పుట్టింటికి వచ్చి ఉండగా, డేరావాళ్ళు కొత్త ఇంగ్లీషు బొమ్మ తెచ్చామని డప్పు కొట్టించారు. ఇద్దరం మొదటాటకి వెళ్ళాం. సగంలో ఒక తల్లి వేషం వచ్చింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. నోరు విప్పి పాట ఎత్తుకుంది. ఆ దొరసానే. గొంతు మునుపటికన్నా చిక్కగా ఉంది. పాట అయిపోయాక కూడా తాతయ్య కథ అందుకోలేదు. "చెప్పండి తాతగారూ" అని జనం కేకలేశారు.

ఆట వదిలాక ఆయన డేరా బయట తల వంచుకుని నిలబడ్డాడు. అక్క నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. ఏం అడుగుతుందోనని నేనూ వెనకే వెళ్ళాను.

"పాత బొమ్మేమోలెండి తాతయ్యగారూ. ఆవిడ పోకముందు తీసుంటారు" అంది.

గొంతు పోయిన మనిషి అలా పాడదని నాకే తెలిసిపోయింది, అక్కకి తెలియదా. అబద్ధమని తెలిసే, ఆయన తలెత్తుకోవాలని ఆ మాట అంది. తాతయ్య తలెత్తుకోలేకపోయాడు. మళ్ళీ ఎప్పుడూ తెర పక్కన నిలబడలేదు. చాలా ఏళ్ళ తర్వాత మంచంలో ఉండి నాతో, "మంచి చేస్తున్నాననే అనుకున్నానే. ఆ పిల్లని కూర్చోబెట్టి ఒక్క పాటైనా విన్నానా" అన్నాడు.

అక్క మద్రాసు వెళ్తే పైకొచ్చేదని నేను అనను. గొంతు చాలదని కంపెనీవాళ్ళే తిప్పి పంపేవారేమో. అదైనా తెలిసేది. అది తెలియకుండానే అక్క ఈ లోకం నుంచి వెళ్ళిపోయింది. నా బాధల్లా అదే.

ఇప్పుడు నేనూ నాయనమ్మని. ఏ పిల్లయినా ఎటో వెళ్తానంటే, నా మాటంటే గురి అని ఇంట్లోవాళ్ళు ఆపే పని నా మీదికి తోస్తారు. తాతయ్య మనవరాలినే కదా, భయపెట్టే కథలు నాలుక చివరే ఉంటాయి. వాటిని మింగేస్తాను. మొన్న మా మనవరాలు పాటే తన బతుకంటే, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏదీ, ముందు పాడు" అన్నాను. మంచి పాటే పాడింది, మాటలు కూడా స్పష్టంగా పలికింది. నాకు మాత్రం మొదటినుంచి చివరిదాకా చిన్నరసం, పెద్దరసం అనే వినపడింది.