ఐదు దారాల మిషను

పోయిన ఆదివారం బ్రూక్‌ఫీల్డ్‌లో మా మనవరాలి ఇంటికి పోయి ఉన్నాము. ఆ పిల్ల సెలవు రోజుల్లో తన బట్టలు తానే కుట్టుకుంటుంది. మామూలు కుట్టుమిషను చాలదని, అంచులు కోస్తూనే పోగులు లేవకుండా అల్లేసే ఓవర్‌లాక్ మిషను మొదటిసారి కొనాలని ఫోనులో నాలుగు రకాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఉండింది. నేను ఊరుకోలేక గొంతు సవరించుకుని, ఆ సంగతి నన్నడుగు, మడివాళలో మా వీధికంతా మొదటి ఓవర్‌లాక్ ఎంచి తెచ్చినవాడిని నేనే, ఇరవై అంగళ్ళు తిరిగి మరీ తెచ్చాను అన్నాను. పక్కన అనపగింజలు పితుకుతున్న మా ఇంటావిడ కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసింది. నా వయసు మగవాళ్ళకు ఆ చూపుకు అర్థం చెప్పనక్కరలేదు.

నిజానికి తిరిగింది ఇరవై కాదు, మూడు. మూడో అంగట్లో కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు, అక్కడితో నా తిరుగుడు ముగిసింది.

అప్పట్లో మేము మడివాళలో ఒక ఓనరమ్మగారి ఇంటి వెనక రెండు గదుల్లో బాడుగకు ఉండేవాళ్ళం. నేను హొసకోటె దారిలో ఒక కార్ఖానాలో స్టోరుకీపరుని. నట్లు బోల్టులు ఎంచి ఇవ్వడమే నా పని అయినా, వీధిలో ఎవరడిగినా మిషన్ల డిపార్టుమెంటు అని చెప్పుకునేవాడిని. నిజానికి మిషన్ల మనిషి మా ఇంటావిడే. ఆరేళ్ళు గార్మెంట్సు కార్ఖానాలో ఓవర్‌లాక్ మీద కూర్చున్నది, పాప పుట్టాక అది మానేసి ఇంట్లో తొక్కుడు మిషను మీద చుట్టుపక్కలవాళ్ళకు జాకెట్లు కుట్టేది. పట్టుబట్ట సంగతి మీకు తెలియనిది కాదు, కత్తెర తగిలితే చాలు పోగులు ఊడివచ్చి గాజులకు చుట్టుకుంటాయి. అందుకని కుట్టినవన్నీ సంచిలో వేసుకుని, పాపను చంకనెత్తుకుని మార్కెట్టు పక్కనున్న టైలరు దగ్గరికి ఓవర్‌లాక్‌కు పోయేది. ఎప్పుడు పోయినా ఆయన నాళె, అంటే రేపు, రమ్మనేవాడు, ఆయన నాళెలు ఒక్కోసారి వారం దాకా సాగేవి. మూడు దారాల చిన్న మిషను ఒకటి ఇంట్లోనే ఉంటే బాగుండునని ఆమె ఒకే ఒక్కసారి అన్నది.

నేను ఒంటరిగా పోయి కొన్నాను. ఆమెను వెంట తీసుకుపోవాలని తట్టలేదని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను గానీ, తట్టింది. ఆమె వస్తే అంగట్లో మాట్లాడేది ఆమె అవుతుందని వదిలేశాను. అక్కడ ఐదు దారపు కండెలు వరసగా నిలబెట్టిన పెద్ద మిషను పక్కన మూడు దారాలది పెళ్ళిలో పిలవని చుట్టంలా కనిపించింది. మూడుకంటే ఐదు పెద్దది, అదే నా ఇంజనీరింగు. ఎక్కించిన దారాలు పీకొద్దని, మళ్ళీ ఎక్కించడం కష్టమని అంగడాయన మరీమరీ చెప్పాడు, నేను ఆటోలో చిక్కుపడతాయని అన్నీ పీకేసి మిషను శుభ్రంగా ఇంటికి చేర్చాను.

మా ఇంటావిడ దాన్ని చుట్టూ తిరిగి చూసింది. “ఇది ప్యాంట్లు కుట్టేవాళ్ళది కదండీ, మనింట్లో దీనికేం పని ఉండాది?” అని మాత్రం అని, దారం పట్టే చిమటా తీసుకుని పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఐదు దారాలూ ఎక్కించింది. మరునాడు వీధిలో ఎక్కించింది నేనేనని చెప్పాను.

అసలు కథ ఇక్కడినుంచి. ఓనరమ్మగారి పెద్దకోడలికి సీమంతం వచ్చింది. పుట్టింటివాళ్ళు పెట్టిన పట్టుచీరలోని జాకెట్టు గుడ్డను మా ఇంటావిడకే ఇచ్చారు. వారంవారం ఒళ్ళు మారే మనిషి గనక, కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి లోపల రెండు పక్కలా మూడేసి వేళ్ళ బట్ట వదిలి కుట్టింది. ఇక ఆ బట్ట కొసలకు ఓవర్‌లాక్ ఒక్కటే మిగిలి ఉండగా, కొక్కేలు కొనుక్కురావడానికి మార్కెట్టుకు పోయింది.

ఆమె వచ్చేసరికి పని పూర్తి చేసి ఆశ్చర్యపరుద్దామని నేను మిషను ముందు కూర్చున్నాను. లారీ ఎక్కినట్టు ఒకటే రొద. కొసకు ఆనించి తోయాల్సినదాన్ని, లోపలి కుట్టుకు ఆనించి తోశాను. మిషను కత్తి ఆ మూడు వేళ్ళ బట్టనూ రెండు పక్కలా చక్కగా కోసి కింద పడేసింది. నా కంటికి అది ఎంతో ముచ్చటగా కనిపించి కొక్కేనికి తగిలించి కూడా పెట్టాను.

ఆమె వచ్చి జాకెట్టు తిరగేసింది, వేలితో అంచు తడిమింది. కింద పడిన పీలికలు ఏరి చూసుకుని, జాకెట్టు తీసుకుని ఓనరమ్మగారింటికి నడిచింది. వెనకే నేను పోయి గడప దగ్గర ఆగిపోయాను. నా చెయ్యి జారిందమ్మా అన్నది ఆమె. “గార్మెంట్సులో వందలు వందలు కోసిన చెయ్యి కదమ్మా, ఒక్క జాకెట్టు దానికి యాడ కనబడతాది” అన్నారు ఓనరమ్మగారు. ఆ నాలుగు వీధుల్లో మా ఇంటావిడకున్నదల్లా చేతిపని పేరే, అది ఆ మాటతో పోతూ ఉంటే నేను నా చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాను. నోరు తెరిచి కోసింది నేనండీ అంటే సరిపోయేది.

చీర ఇస్తే దాని కొసతోనే సరిచేస్తానని మా ఇంటావిడ అన్నది, అప్పుడు ఆ పెద్దకోడలే లోపలికి పోయి చీర తెచ్చి ఇచ్చింది. మా ఇంటావిడ చీరలో నడుము దగ్గర దోపుకునే కొసనుంచి జానెడు కోసి, ఆ పట్టునే ఆకుల్లాగా కత్తిరించి చంకల కింద అతికింది. సీమంతం నాడు జాకెట్టు ఒంటికి పోసినట్టు అమరింది. అయినా ఓనరమ్మగారు రెండేళ్ళు మరొకచోటికి బట్టలు పంపారు. నేను తెచ్చిన మిషను ప్యాంట్లు కుట్టే ఒక టైలరుకే అమ్ముడుపోయింది, మూడు దారాలది మా ఇంటావిడ తానే పోయి చూసి తెచ్చుకున్నది.

ఈ కథను నేను వేరేగా చెబుతూ వచ్చాను. చెయ్యి జారింది ఆమెది, చీర కొస కోసే ఉపాయం నాది. మనవరాలికీ అలాగే తెలుసు. ఆదివారం మాత్రం ఏమనిపించిందో, ఆ జాకెట్టు కోసింది నేనమ్మా, ఉపాయమూ నాది కాదు అన్నాను.

“నలభై ఏళ్ళకు దారం ఎక్కిందప్పా మీ తాతకు,” అన్నది మా ఇంటావిడ.

మనవరాలు నవ్వి, ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టింది. “అవ్వా, నువ్వే చెప్పు. నాకు త్రీ థ్రెడ్ చాలా, ఫోర్ థ్రెడ్ కావాలా?” ఏ బట్ట కుడతావు, సాగేదా, పట్టా, రోజూ కూర్చుంటావా, పండగకు ఒకసారా అని అడుగుతూ మొదలుపెట్టి ఆమె గంటసేపు మాట్లాడింది. కత్తి మొద్దుబారితే రొదలోనే ఎలా తెలిసేదో, పక్క మిషను అమ్మాయితో సూపర్‌వైజరుకు కనబడకుండా కనుబొమలతో ఎలా కబుర్లాడుకునేదో, పాప పుట్టాక ఆ పని మానినప్పుడు ఎన్నాళ్ళు చేతులు ఊరుకోలేదో చెప్పింది. అవన్నీ నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పటి మిషన్లు పెద్దగా రొద చేయవట, దారం గాలితో వాటంతట అవే లోపలికి లాక్కునేవి కూడా వచ్చాయట. జాకెట్లలో మూడు వేళ్ళ బట్ట వదిలేవాళ్ళు తగ్గిపోయారు, బిగుతైతే ఇంకొకటి కొంటారు. వాటి గురించి నాకు దిగులు లేదు. ఆనాడు ఆమెను వెంటబెట్టుకుని ఆ అంగడికి పోయి ఉంటే ఈ మాటలన్నీ బస్సులోనే వినివుందును, అప్పటికి ఆమె గొంతు ఇంత సన్నబడలేదు, నా చెవులు ఇంత మందగించలేదు. ఆదివారం కొన్ని నాకు సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను. చెప్పింది.